విజయవాడ కారు, ఖమ్మం రోడ్డు, మధ్యలో ఒక నంబరు ప్లేటు

ముందు మీ ప్రశ్నని నాకు అర్థమైనట్టు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీరుండేది ఖమ్మం. విజయవాడలో 2017 మోడల్ పెట్రోల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, ఏపీ 16 నంబరు. పాత ఓనరు చివరి నాలుగు అంకెలు 8055ని ఇంగ్లిషులో ‘బాస్’ అని చదివేలా వంకర్లు తిప్పి రాయించాడు. పైన చిన్నగా వాళ్ల ఇంటిపేరు, ముందు ప్లేటు మీద నల్లటి అక్రిలిక్ అద్దం. కానిస్టేబుల్ ఫోటో కొట్టాడు, చలానా వచ్చింది. ఇప్పుడు రేడియం షాపతను ‘అశోక చక్రం, ఐఎన్‌డీ అన్నీ వేసి అచ్చం హై సెక్యూరిటీ ప్లేటులాగే, అంటే నకిలీ చేయడం కష్టమయ్యేలా ప్రభుత్వం పెట్టిన ప్లేటులాగే, చేసిస్తా’ అంటున్నాడు. అది వేయించుకోవచ్చా, పోనీ తెలుగులో రాయించుకుంటే తప్పేంటి, అని మీ సందేహం.

రెండూ కుదరవు. ఎందుకు కుదరవో చెప్పే ముందు నా సంగతి ఒక్క ముక్క. ఇరవై ఏళ్లకు పైగా మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. మా ఊళ్లో ఇప్పటికీ ‘బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు’ అనే అంటారు, బ్రేకులు ఎన్ని చూశానో ప్లేట్లూ అన్నే చూశాను.

ప్లేటు మన బండి మీద ఉంటుంది, డబ్బు మనమే కట్టాం, కాబట్టి మన ఇష్టం అనుకుంటారు చాలామంది. మోటారు వాహనాల చట్టం 41వ సెక్షన్‌లో ఉన్నది వేరు. రిజిస్టరింగ్ అధికారి బండికి ఒక గుర్తు కేటాయిస్తాడు, దాన్ని బండి మీద ప్రదర్శించాలి. అది ఎలా ఉండాలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 50, 51 రూల్స్ చెబుతాయి. ప్లేటు ఓనరు కోసం కాదు. గుద్ది పారిపోతున్న బండిని రోడ్డు పక్కన టీ తాగుతున్న మనిషి ఒక్క క్షణం చూసి నంబరు చెప్పగలగాలి, ఆ మనిషి కోసం. ఈ మాట గుర్తుంటే కింద చెప్పబోయే రూల్స్‌లో చాలావరకు మీరే ఊహించుకోగలరు.

అక్షరాల సంగతి చూడండి. కారుకి అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ 10. బైకుకి వెనక అక్షరాలు 35, అంకెలు 40, ముందు రెండూ 30. ఇవి రూలు బుక్కులో ఉన్న కొలతలు, ఇన్‌స్పెక్టరు మూడ్ మీద ఆధారపడవు. మీ ‘బాస్’ ప్లేటులో 8 గీత లావుగా, 0 ఇరుగ్గా, రెండు 5లు పాముల్లా సాగి ఉంటాయి కదా, కొలత దగ్గరే పోయింది. ఇంటిపేరు, దేవుడి బొమ్మ, పార్టీ గుర్తు, కులం పేరు, ‘ప్రెస్’, ‘అడ్వకేట్’ ఇలాంటివేవీ ప్లేటు మీద ఉండకూడదు. కారు వెనక అద్దం మీద మీ అమ్మాయి పేరు రాసుకోవడం వేరే సంగతి, ప్లేటు మీద మాత్రం నంబరు తప్ప ఇంకేదీ వద్దు.

తెలుగులో ఎందుకు వద్దంటే, 50వ రూల్ అక్షరాలు ఇంగ్లిషులో, అంకెలు మనం మామూలుగా వాడే 1, 2, 3 రూపంలో ఉండాలని స్పష్టంగా చెబుతుంది. నాకూ తెలుగంటే ప్రాణమే, సంతకం కూడా తెలుగులోనే చేస్తాను. కానీ మీ కారు రేపు నాగపూర్ దగ్గర ఎవరినైనా తాకితే అక్కడి మనిషి ‘ఏపీ ౧౬’ అని చదవలేడు. తెలుగు అంకెలు మన పిల్లలే చదవలేకపోతున్నారు, వాళ్లని ఏమనగలం.

రంగుల మీద కూడా జనానికి చాలా అపోహలున్నాయి, తొందరగా చెప్పేస్తాను. సొంత బండికి తెలుపు మీద నలుపు. టాక్సీ, లారీ, ఆటోలాంటి ట్రాన్స్‌పోర్ట్ బండికి పసుపు మీద నలుపు. సెల్ఫ్ డ్రైవ్‌కి అద్దెకిచ్చే కారుకి నలుపు మీద పసుపు. కరెంటు బండికి ఆకుపచ్చ, సొంతదైతే దాని మీద తెల్ల అక్షరాలు, ట్రాన్స్‌పోర్ట్ అయితే పసుపు అక్షరాలు. తాత్కాలిక రిజిస్ట్రేషన్, అంటే మనం టీఆర్ అనేదానికి, పసుపు మీద ఎరుపు. డీలరు దగ్గరున్న బండికి ఎరుపు మీద తెలుపు. కాగితం మీద టీఆర్ నంబరు ప్రింటు తీసి అద్దానికి అంటించి ఆర్నెల్లు తిరిగే మహానుభావులున్నారు. కాగితం చెల్లదు. ‘అప్లైడ్ ఫర్’కి గుర్తుగా ఏ, ఎఫ్ అని రెండు ఇంగ్లిషు అక్షరాలు రాసుకుని తిరగడమూ చెల్లదు, చట్టం దృష్టిలో ఆ బండికి అసలు నంబరే లేనట్టు.

ఇక అసలు విషయం, హై సెక్యూరిటీ ప్లేటు. దీని చరిత్ర పాతదే. కేంద్రం 2001లోనే రూల్ మార్చింది, 2004లో సుప్రీంకోర్టు ఆ పథకాన్ని సమర్థించింది, అయినా రాష్ట్రాలు ఏళ్ల తరబడి సాగదీశాయి. చివరికి 2019 ఏప్రిల్ 1 నుంచి అమ్మే ప్రతి కొత్త బండికీ కంపెనీయే ప్లేటు ఇవ్వాలి, డీలరు బిగించే అప్పగించాలి అని పెట్టారు. పాత బండ్లకి ఎప్పటిలోగా అనేది రాష్ట్రాలు వేర్వేరుగా గడువులు పెడుతూ, పొడిగిస్తూ వచ్చాయి. మహారాష్ట్ర 2025లో ఎన్నిసార్లు పొడిగించిందో అక్కడున్న మనవాళ్లని అడగండి. వాట్సాప్‌లో వచ్చే ‘ఆఖరి తేదీ’ మెసేజీలు చూసి టెన్షన్ పడకండి, రవాణా శాఖ సొంత ప్రకటన మాత్రమే చూడండి.

రేడియం షాపతను చేసేది, అసలుది ఎక్కడ తేడాయో చెప్తాను, చేత్తో పట్టుకుని చూస్తే మీకే తెలుస్తుంది. అసలుది 1 మిల్లీమీటరు మందం అల్యూమినియం రేకు, అంకెలు లోపలి నుంచి తట్టినట్టు ఉబ్బి ఉంటాయి. పైన ఎడమ మూలలో 20 మిల్లీమీటర్ల చదరంలో క్రోమియం హాలోగ్రామ్, అందులో అశోక చక్రం. అది వేడితో రేకులో ఒత్తినది, గోటితో గీకితే లేచి వచ్చే స్టిక్కర్ కాదు. దాని కింద నీలం రంగులో ఐఎన్‌డీ. ఎడమ వైపు కింద లేజరుతో చెక్కిన నంబరు, కనీసం పది స్థానాలుంటాయి. ఇది ముందు ప్లేటుకి ఒకటి, వెనక ప్లేటుకి ఒకటి, రెండూ మీ బండి రికార్డుకి జతవుతాయి. నల్ల అక్షరాలని వెలుతురులో కాస్త పక్కకి వంచి చూడండి, 45 డిగ్రీల వాలులో ‘ఇండియా’ అని వరసగా కనిపిస్తుంది. వెనక ప్లేటు బిగించేది మామూలు స్క్రూ కాదు, స్నాప్ లాక్, ఒకసారి బిగిస్తే విరగ్గొట్టాలి తప్ప తీసి మళ్లీ పెట్టలేరు.

రేడియం షాపువాడికి లేజరు నంబరు ఎక్కడి నుంచి వస్తుంది? నెట్‌లో దొరికిన ఫోటో చూసి ఏదో ఒకటి కొడతాడు. మామూలు ప్లేటు పెట్టుకుంటే రూల్ తప్పినట్టు, చలానాతో పోతుంది. నకిలీ హాలోగ్రామ్, నకిలీ లేజరు నంబరుతో ప్లేటు పెట్టుకుంటే ప్రభుత్వ భద్రతా గుర్తుని తయారు చేయించుకున్నట్టు. ఎవరైనా పోలీసు అధికారి దాన్ని సీరియస్‌గా తీసుకుంటే మోసం, ఫోర్జరీ సెక్షన్ల దాకా పోతుంది. నాలుగొందలు మిగులుతాయని ఇంత తలనొప్పి ఎందుకండీ?

మూడో ప్లేటు అని ఒకటుంది, చాలామంది కారులో ఉన్నా గమనించరు. ముందు అద్దం లోపలి వైపు ఎడమ మూలలో అంటించే హాలోగ్రామ్ స్టిక్కర్, 100 మిల్లీమీటర్లు బై 60. దాని మీద రిజిస్టర్ చేసిన ఆఫీసు, బండి నంబరు, లేజరు నంబర్లు, ఇంజిను, ఛాసిస్ నంబర్లు ఉంటాయి. పీకితే చిరిగిపోతుంది, మళ్లీ అంటదు. పెట్రోల్, సీఎన్‌జీ బండికి లేత నీలం, డీజిల్‌కి నారింజ, మిగతావాటికి బూడిద రంగు. బీఎస్ 6, అంటే పొగ కాలుష్యం మీద కొత్త ప్రమాణాలకి తగ్గ బండికైతే పైన ఆకుపచ్చ పట్టీ అదనం. మీది 2017 పెట్రోల్ కాబట్టి లేత నీలం రావాలి, పైన పట్టీ ఉండకూడదు. ఎవరైనా ఉత్సాహంగా ఆకుపచ్చ పట్టీ ఉన్నది అంటిస్తే ఒప్పుకోకండి.

ఆ నల్ల అక్రిలిక్ అద్దం గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. దుమ్ము పడకుండా పెట్టాం అంటారు. ప్లేటు మీద పడ్డ లైటు వెనక్కి కొట్టేలా ఆ రేకు మీద ప్రత్యేకమైన షీటు వేస్తారు. రాత్రి వెనకొచ్చే బండి హెడ్‌లైటు పడితే వెలిగేది అందుకే. దాని మీద అద్దం పెడితే ఆ పని పోతుంది, కెమెరాకి తెల్లటి మచ్చ కనిపిస్తుంది. పారదర్శకమైనదైనా అంతే. వెనక ప్లేటుకి పైన చిన్న తెల్ల బల్బు ఉంటుంది కదా, రాత్రి 15 మీటర్ల దూరం నుంచి నంబరు చదవగలిగేలా అది వెలగాలని 105వ రూలు. మీ కారుకి అది వెలుగుతోందో లేదో ఈ రాత్రి దిగి చూడండి. నూటికి సగం పాత కార్లకి అది కాలిపోయే ఉంటుంది, ఓనరుకి తెలియదు.

ప్లేటు కప్పేసేవి ఇంకా ఉన్నాయి. ముందు ఇనప బంపర్ గార్డు పెట్టిస్తారు. 2017 చివర్లో కేంద్రం వాటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది, అయినా ఇప్పటికీ అమ్ముతున్నారు. దాని గొట్టం సరిగ్గా ప్లేటులో మూడో అంకె మీదకి వస్తుంది. దసరాకి ఆయుధపూజ చేస్తాం, బంతిపూల దండ ముందు ప్లేటు నిండా పరుచుకుంటుంది, హాలోగ్రామ్ మీద పసుపు, కుంకుమ. పూజ చేసుకోండి, నేనూ చేస్తాను. కానీ నాలుగు రోజులైనా దండ తీయకుండా హైవే ఎక్కితే అది నంబరు కప్పినట్టే. దిష్టికి కట్టే నిమ్మకాయలు, మిరపకాయలు కూడా కాస్త పక్కకి కట్టండి, పక్కకి కట్టినా దిష్టి పోతుంది.

అంకెల్ని ఎందుకు ఇంత పట్టుకుని వేలాడుతున్నానంటే, సర్వీసులో ఉండగా ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చారు, స్కూలు మాస్టారుగా రిటైరయ్యారు. ఆయన స్కూటర్‌కి ఎప్పుడూ వెళ్లని ఊళ్లో సిగ్నల్ జంపింగ్ చలానాలు వరసగా వస్తున్నాయి. ఫోటోలు తెప్పించి చూస్తే అది ఆయన స్కూటరే కాదు, ఎవరో కుర్రాడి బైకు. వాడు 3 మీద నల్ల టేపు ముక్క అంటించి 8 చేశాడు. ఆ 8 ఉన్న నంబరు మాస్టారిది. నిజం నిరూపించడానికి ఆయన మూడు ఆఫీసులు తిరిగారు. కుర్రాడికి అది సరదా. అప్పటి నుంచి టేపు అంటించిన ప్లేటు కనిపిస్తే నేను చలానాతో వదల్లేదు, పోలీసులకి అప్పగించాను. ఇవాళ హైదరాబాదులో ఇలాంటి ట్యాంపరింగ్ మీద చీటింగ్ కేసులు పెడుతున్నారంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

జరిమానాల లెక్క అడిగారు. ప్రత్యేకంగా శిక్ష రాయని తప్పులకి 177వ సెక్షన్, 2019 సవరణ తర్వాత మొదటిసారి 500, మళ్లీ చేస్తే 1,500. రిజిస్ట్రేషనే లేకుండా నడిపితే 192వ సెక్షన్, మొదటిసారి 2,000కి తగ్గకుండా 5,000 దాకా. రెండోసారికి 5,000 నుంచి 10,000, జైలు కూడా పడొచ్చు. అక్కడికక్కడ కట్టించుకునే మొత్తం రాష్ట్రం ఉత్తర్వుని బట్టి మారుతుంది, అందుకే ఖమ్మంలో మీకు పడ్డ చలానాకీ విజయవాడలో మీ బావమరిదికి పడ్డదానికీ పొంతన లేదు. అందులో మోసమేమీ లేదు.

‘పెద్దవాళ్లకి ఈ రూల్స్ వర్తించవు కదా’ అని కూడా రాశారు. వర్తిస్తాయి. ఒకప్పుడు రాష్ట్రపతి, గవర్నర్ల కార్లకి నంబరు బదులు మూడు సింహాల గుర్తు ఉండేది. 2018లో ఢిల్లీ హైకోర్టు వాటినీ రిజిస్టర్ చేసి నంబరు కనిపించేలా పెట్టమంది. ఎర్ర బుగ్గ 2017 మే 1తో పోయింది. రాష్ట్రపతి కారుకే నంబరు తప్పనప్పుడు మండల స్థాయి నాయకుడి కారు మీద పదవి పేరు ఎందుకో ఆయన్నే అడగాలి.

ఇప్పుడు మీ కారు సంగతి. మిగతావాళ్లు మీకు చెప్పిన సలహాల్లో నేను ఒప్పుకోనిది ఇక్కడే ఉంది. ‘వెంటనే ఏపీ 16 నంబరుతో హై సెక్యూరిటీ ప్లేటు బుక్ చేసుకో’ అన్నారు. తొందరపడకండి. మీరుండేది ఖమ్మం, బండి ఇకపై ఉండేదీ ఖమ్మమే. 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రం బండి 12 నెలలకి మించి ఇక్కడ ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అంటే మీ ఏపీ 16 ఎలాగూ పోతుంది, టీజీ 04 వస్తుంది, ఆ 8055 కూడా పోతుంది. రెండుసార్లు ప్లేట్లు కొనడం దండగ.

వరస ఇది. పాత ఓనరుతో 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించుకోండి. విజయవాడ ఆఫీసు నుంచి 28వ ఫారంతో ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తీసుకోండి. ముందు ఆ బండి మీద పెండింగు చలానాలు ఎన్నున్నాయో చూసుకుని అవి ఆయనతోనే కట్టించండి, డబ్బంతా చేతికిచ్చాక ఎవరూ ఫోను ఎత్తరు. లోన్ ఉంటే బ్యాంకు కాగితం కూడా కావాలి. ఖమ్మంలో 27వ ఫారంతో కొత్త నంబరుకి దరఖాస్తు, బండి వయసు బట్టి లైఫ్ ట్యాక్స్. ఇది మీ పర్సుకి తగిలే అసలు దెబ్బ, ప్లేటు ఖర్చు దాని ముందు ఏపాటిది. ఆంధ్రాలో ఇదివరకు కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి వాపసు అడిగే వీలుంటుంది, ఆ దరఖాస్తు మర్చిపోకండి. కొనుగోలుదారుగా యాజమాన్యం మార్పు చెప్పడానికి చట్టం మీకిచ్చింది 30 రోజులే, 12 నెలలు కాదు. జనం ఈ రెండు గడువుల్ని కలిపేసుకుని దెబ్బతింటారు.

టీఎస్ కాకుండా టీజీ ఎందుకు అంటే, 2024 మార్చి నుంచి కొత్తగా ఇచ్చే నంబర్లన్నీ టీజీతోనే. అంతకు ముందు టీఎస్ ఉన్న బండ్లు అలాగే ఉంటాయి, మార్చుకోనక్కర్లేదు. టీఎస్ మీద రేడియంతో ఎస్‌ని జీగా దిద్దుకున్న కార్లని నా కళ్లతో చూశాను. అభిమానం మంచిదే, కానీ ఆర్సీలో టీఎస్ ఉండి ప్లేటు మీద టీజీ ఉంటే అది తప్పు నంబరు.

మరి కొత్త నంబరు వచ్చేదాకా? ఆ మధ్య కాలానికి చట్టంలో మినహాయింపు లేదు, ఉందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. పాత ఓనరుని అడగండి, ఈ బండికి ఇదివరకే హై సెక్యూరిటీ ప్లేటు వచ్చిందా అని. ‘బాస్’ కోసం అసలు ప్లేట్లు పీకి అటక మీద పడేసినవాళ్లు చాలామంది. దొరికితే కొత్త స్నాప్ లాక్‌తో మళ్లీ పెట్టించుకోవచ్చేమో ప్లేట్లు బిగించే డీలరు దగ్గర కనుక్కోండి. దొరక్కపోతే కారు తక్కువ తిప్పండి, ఎన్‌ఓసీ దరఖాస్తు రసీదు బండిలో పెట్టుకోండి. ఒకవేళ మార్పిడి నాలుగైదు నెలలు ఆలస్యమయ్యేలా ఉంటే మాత్రం ఏపీ 16తోనే బుక్ చేసేయండి, అప్పుడది దండగ కాదు.

బుకింగ్‌కి రవాణా శాఖ సైటు నుంచి గానీ, కార్ల కంపెనీల సంఘం సియామ్ సైటు నుంచి గానీ, మీ కారు కంపెనీ డీలరు ద్వారా గానీ వెళ్లండి. గూగుల్‌లో మొదట కనిపించేది నొక్కకండి, అచ్చం అలాగే ఉండే దొంగ సైట్లున్నాయి, డబ్బు కట్టాక ప్లేటూ రాదు, ఫోనూ ఎత్తరు. ప్లేటు బిగించే రోజు ఆర్సీ దగ్గర పెట్టుకుని నంబరు, ఇంజిను, ఛాసిస్ నంబర్ల చివరి అంకెలు స్టిక్కర్‌తో మీరే సరిచూసుకోండి. ఒకసారి స్నాప్ లాక్ పడ్డాక తప్పు కనిపిస్తే మళ్లీ మొదటి నుంచి. తర్వాత ఎప్పుడైనా ప్లేటు పోతే పోలీసు ఫిర్యాదు కాగితం లేకుండా కొత్తది ఇవ్వరు, ఎందుకంటే పోయిన ప్లేటు ఇంకో కారు మీదకి ఎక్కి ఏదో నేరంలో దొరికితే, ఆ కాగితమే మీకు రక్ష.

పాత ‘బాస్’ ప్లేట్లని పాత ఇనప సామాన్లవాడికి వేయకండి. రేకు కత్తెరతో అడ్డంగా రెండు ముక్కలు చేసి పడేయండి. ఆ నల్ల అద్దం మాత్రం కొత్త నంబరు దాకా ఆగక్కర్లేదు, అది ఈ రోజే తీసేయండి, రెండు స్క్రూలే ఉంటాయి.